చెవి మేస్త్రి సొంత మిక్సీ

మా బావకి ఈ వీధిలో చెవి మేస్త్రి అని పేరు. మిక్సీలు బాగుచేస్తాడు. ఎవరు ఏ మిక్సీ తెచ్చినా ముందుగా విప్పడు. స్విచ్ వేసి, స్క్రూడ్రైవరు మొన మోటారు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు పక్కన పిడుగు పడినా పలకడు. కళ్లు తెరిచాక "కార్బన్లు అరిగాయమ్మా" అనో, "బేరింగు పొడిబారింది" అనో చెబుతాడు. విప్పి చూస్తే అదే అవుతుంది. అంత చెవి ఉన్న మనిషికి పెళ్లాం మాట మాత్రం వినపడదు. ఈ మాట నేను ఆయన మొహం మీదే అంటాను. మరదల్ని కాబట్టి చెల్లిపోతుంది.

నా ఉద్యోగం పోస్టాఫీసులో. పార్సిళ్లు తూచి, బిళ్ల అంటించి, వెనక గదిలోకి పంపుతాను. ఇన్నేళ్లు తూచీ తూచీ, ఏ వస్తువైనా చేతిలోకి తీసుకోగానే ఎంత ఉంటుందో చెప్పేయగలను. యాభై గ్రాములు అటూ ఇటూ. అందుకే బావ నన్ను తూకాలమ్మా అని పిలుస్తాడు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి, ఈ సంగతి తర్వాత అవసరం పడుతుంది.

కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు. కొట్టులోంచి ఇంట్లోకి ఎక్కే మెట్లకి రెండు పక్కలా మిక్సీలే. అక్కకీ బావకీ పిల్లలు లేరు. ఉన్నా ఎక్కడ పడుకోబెట్టేవాళ్లో నాకు తెలియదు. ప్రతి మిక్సీకీ దారంతో ఒక అట్ట చీటీ కట్టి ఉంటుంది. దాని మీద ఎవరిది, ఏం జబ్బు, ఎప్పటికి కావాలి అని బావ ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు. చీటీ కనబడితే చాలు, తిప్పి రెండు పక్కలా చదవడం ఆయనకి అలవాటు. బట్టల కొట్టుకి తీసుకెళ్తే చొక్కాలకున్న చీటీలు కూడా తిప్పి చదువుతాడు, కొనకపోయినా సరే.

బాగుచేసిన మిక్సీకి బావ ఒక పరీక్ష పెడతాడు. ఇంకెవరూ పెట్టగా నేను చూడలేదు. వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గింజలు ఒక గుప్పెడు జార్లో వేసి తిప్పుతాడు. ముందు రవ్వ అవుతుంది, తర్వాత పొడి. ఆ పొడి ముద్దకట్టి జారు గోడలకి అంటుకుని కదలనని మొండికేస్తుంది. అప్పుడు ఆపి, గరిటెతో గీకి, మళ్లీ తిప్పాలి. నాలుగైదు సార్లు అలా చేస్తే గింజల్లోంచి నూనె వదిలి ముద్ద కాస్తా జారుగా, నునుపుగా తయారవుతుంది. ఈలోపు మోటారు వేడెక్కకూడదు, గొంతు మారకూడదు. "నీళ్లు పోసి తిప్పితే ఏ మిక్సీ అయినా తిరుగుతుంది. ఈ ముద్దని తట్టుకుంటే ఇంక దేన్నయినా తట్టుకుంటుంది" అంటాడు.

మరి రోజూ తయారయ్యే ముద్దంతా ఏమవుతుంది? పైకి వెళుతుంది. అక్క దాన్ని రొట్టె మీద రాసింది, కూరలో కలిపింది, బెల్లం వేసి ఉండలు చేసింది, పక్కవాళ్లకి పంచింది. పదేళ్లు గడిచేసరికి ఆ వాసన వస్తేనే ముక్కు మూసుకోవడం మొదలుపెట్టింది. బావ మాత్రం సీసాలు నింపుతూనే ఉన్నాడు.

ఇక అసలు విడ్డూరం ఏమిటంటే, ఆ ఇంట్లో మిక్సీ లేదు. అవును, లేదు. అక్క వంటకి ఏదైనా రుబ్బాలంటే, ఆ రోజు పరీక్షలో నెగ్గిన మిక్సీ ఏదో ఒకటి పైకి వచ్చి, పని చేసిపెట్టి, కడిగించుకుని, చీటీ కట్టించుకుని దిగిపోతుంది. అక్క ఏ మిక్సీకీ అలవాటు పడేది కాదు. ఒకదాని మీట కుడికి తిప్పాలి, ఒకదానిది ఎడమకి. ఒకదాని మూత నొక్కి పట్టుకోకపోతే వంటిల్లంతా చిందుతుంది.

ఇలా ఉండగా అక్కకి జబ్బు చేసింది. అన్నం దిగే దారి లోపల సన్నబడిపోయింది. మెతుకు మింగితే మధ్యలో ఆగిపోయేది. పెద్ద డాక్టరుగారు చూసి, ఆపరేషను చేస్తే బాగైపోతుంది గానీ ఇంత బక్కచిక్కిన మనిషికి చేయలేనన్నాడు. అప్పటికి అక్క బరువు నలభై కిలోల ఆరు వందలు. ఎనిమిది వారాల్లో నలభై మూడు చేసుకుని రమ్మన్నాడు. చేయకపోతే ఏమవుతుందని బావ అడగలేదు. నేను అడిగాను. ఆయన చెప్పింది విని, బయటికి వచ్చాక బల్ల మీద కూలబడ్డాను.

ఏం పెట్టాలో చెప్పే అమ్మాయి పక్క గదిలో కూర్చుంటుంది. గట్టివి ఏవీ వద్దంది. పాలు, అరటిపండు, గింజ తీసిన ఖర్జూరాలు, రెండు పెద్ద చెంచాల పీనట్ బటరు వేసి స్మూతీ చేసి రోజుకి మూడు గ్లాసులు పట్టించమంది. పీనట్ బటరంటే ఏమిటని బావ అడిగాడు. ఆ అమ్మాయి వివరంగా చెప్పింది. అంతా విని బావ మొహం వెలిగిపోయింది. "మా ఇంట్లో పదకొండు సీసాలున్నాయి తల్లీ" అన్నాడు. నేను అక్క మొహం చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేను సెలవు పెట్టి వాళ్లింట్లో మకాం వేశాను, శనివారాలు ఒక పూట మాత్రం పనికి వెళ్లొచ్చేదాన్ని. బావ ఎంత శ్రద్ధగా చేసేవాడో చెప్పకపోతే పాపం తగులుతుంది. పొద్దున్నే గింజలు సన్నని సెగ మీద వేయించి, గుడ్డలో వేసి నలిపి, కిటికీ దగ్గర నిలబడి ఊదేవాడు. పొట్టంతా ఆయన జుట్టులోనే ఉండేది. పాత సీసాల జోలికి పోకుండా ఏ రోజు ముద్ద ఆ రోజే. అరటిపండు మచ్చలు పడేదాకా ఆగి, ముక్కలు కోసి గడ్డకట్టించేవాడు. ఖర్జూరాలు గోరువెచ్చని పాలలో నానబెట్టేవాడు. పీచు గొంతుకి అడ్డం పడుతుందేమోనని అంతా కలిపి తిప్పాక జల్లెడలో వడకట్టి, గాజు గ్లాసులో పోసి, తుడిచి, రెండు చేతులతో పట్టుకుని వచ్చేవాడు.

అక్క నాలుగు గుక్కలు తాగి పక్కన పెట్టేది. తర్వాత తాగుతానండీ అనేది. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చేది కాదు. తేనె వేసి చూశాడు, ఏలకులు వేసి చూశాడు, కోకో పొడి కలిపి చూశాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, ఒకరోజు గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి బయటికి వెళ్లిపోయాను కూడా. వెళ్లి సందు చివర ఏడ్చి వచ్చాను. అక్కకి తాగాలని లేకనా, తాగలేకనా అన్నది అర్థం కాక పిచ్చెక్కిపోయింది.

శనివారం మధ్యాహ్నం కౌంటరు మూశాక అక్కని పోస్టాఫీసుకి తెచ్చి, బస్తాలు తూచే పెద్ద కాటా ఎక్కించేదాన్ని. మా పోస్టుమాస్టరు ఆ సమయానికి కావాలనే ఏదో కాగితం వెతుక్కుంటూ అటు తిరిగేవాడు. "ఈ పార్సిలు ఎక్కడికమ్మా?" అని బావ ప్రతిసారీ అడిగేవాడు. మొదటి వారం ముల్లు కదలలేదు. రెండో వారం వంద గ్రాములు పెరిగింది. మూడో వారం ముల్లు ఎకాఎకి నలభై ఒకటిన్నర మీద నిలబడింది.

బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆటో పిలుచుకొస్తానని రోడ్డు మీదికి పరుగెత్తాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. చెయ్యి పట్టుకుని దించుతుంటే అక్క చెయ్యి నిన్నటి చెయ్యే. బరువు ఒంటికి పట్టలేదు, ఒక పక్కకి లాగుతోంది. స్వెటరు జేబు కింద చెయ్యి పెట్టి ఎత్తాను. "ఏడు వందల గ్రాములు" అన్నాను. తీసి చూస్తే మిక్సీ మోటారు లోపల తిరిగే రాగితీగ చుట్టిన ఇరుసు, చేతిరుమాలులో చుట్టి ఉంది.

నా ఒళ్లు మండిపోయింది. ఎవర్ని మోసం చేస్తున్నావని అడిగాను. డాక్టరు దగ్గర కూడా దీన్నే జేబులో వేసుకుని పడుకుంటావా అన్నాను. అక్క కాటా అంచు మీద కూర్చుండిపోయింది. బావ సరిగ్గా తినడం లేదట. ఆవిడ వదిలేసిన గ్లాసు చూసుకుని, తన కంచం ముందు నుంచి లేచిపోతున్నాడట. ముల్లు కదిలితే ఆ ఒక్క పూటైనా కడుపు నిండా తింటాడని ఈ పని చేసిందట.

అయితే తాగి చావొచ్చు కదా అని నోరు జారాను. అక్క నా చేతిలోని ఇరుసు తీసుకుని మళ్లీ రుమాలులో చుడుతూ అంది.

"తాగబోతే ఒకరోజు వెల్లుల్లి వాసన, ఒకరోజు కాఫీ వాసన, ఒకరోజు ఎవరిదో సబ్బు. ఏ ఇంటి జారో వాసన చూసి చెప్పగలనే. ఇన్నేళ్లూ ఊరందరి ఎంగిలీ నేనే తిన్నట్టుంది. నాకంటూ ఒకటుండేది. బాగుచేయమని అడిగి అడిగి మానేశాను. ఇప్పుడు గొంతు కూడా మానేసింది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెళ్లయిన కొత్తలో అక్క స్కూలు సంచులు కుట్టి సంపాదించుకున్న దాంతో ఒక మిక్సీ కొనుక్కుంది, ఆకుపచ్చది. నాకు చూపించడానికి పని మానిపించి మరీ పిలిపించింది. రెండేళ్లకి ఏదో చప్పుడొస్తోందని బావ కిందికి తీసుకెళ్లాడు. అంతే, మళ్లీ పైకి రాలేదు.

అక్కని పైన దిగబెట్టి తిన్నగా కొట్టులోకి వెళ్లాను. స్టూలు వేసుకుని అన్నిటికన్నా పై అరలో వెతికాను. మూలన, ఫ్యాను రెక్కల వెనకాల, వేలెడు మందం దుమ్ములో ఉంది ఆకుపచ్చ మిక్సీ. చీటీ పసుపుపచ్చగా అయిపోయింది గానీ ముత్యాల్లాంటి అక్షరాలు అలాగే ఉన్నాయి.

సొంతం. తొందర లేదు.

కింద తేదీ ఉంది. ఇరవై రెండేళ్లయింది.

నేను అరిచిన అరుపులకి ఎదురుగా మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్నాయన సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. అవన్నీ ఇక్కడ రాయను. బావ నా చేతిలోంచి మిక్సీ అందుకుని ఊపి చూశాడు. లోపల ఏమీ లేదు, ఖాళీ డొల్ల. "మోటారేది బావా?" అంటే నీళ్లు నమిలాడు. ఎవరో అర్జెంటుగా పెళ్లి వంటకి కావాలంటే ముందు కార్బన్లు తీశాడట. ఇంకోసారి జారు తీసి రిటైరైన లెక్కల మాస్టారికి ఇచ్చాడట. మోటారు బేకరీ ఆవిడ మిక్సీలో ఉందట. ఎప్పటికైనా మళ్లీ కొత్తది తెచ్చి దీనికి పెడదామనే అనుకున్నాడట, ప్రతిసారీ.

"దొంగ కూడా ఇంకొకరింట్లో దొంగతనం చేస్తాడు బావా, సొంత ఇంట్లో చేయడు" అన్నాను.

"చేస్తున్నానని తెలియలేదు" అన్నాడు బావ. "మీ అక్క అడగడం మానేస్తే, ఇంక అవసరం లేదేమో అనుకున్నా."

ఆ మాటకి నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం దిగకుండా పట్టుకున్నాను.

శనివారం సాయంత్రం కొట్టుకి మంచి గిరాకీ. ఆ రోజు బావ షట్టరు సగం దించి, ఆగి, పూర్తిగా దించేశాడు. కొత్త మోటారొకటి, కొత్త జారొకటి సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. కొత్తవే పెట్టి ఇచ్చేయవచ్చు కదా అన్నాను. అవి మీ అక్కవి కావుగా అన్నాడు.

బావ పాత జారు తీసుకుని కొత్త జారు ఇస్తున్నందుకు లెక్కల మాస్టారు రెండుసార్లు లెక్కవేసి, ఇందులో మోసమెక్కడుందో తేలక ఒప్పుకున్నాడట. బేకరీ ఆవిడ మాత్రం ససేమిరా అందట. ఆ మోటారు వచ్చాక తనకి ఒక్కరోజు కూడా పని ఆగలేదట, ప్రాణం పోయినా ఇవ్వనందట. అది ఎవరిదో, ఇప్పుడెందుకు కావాలో బావ చెప్పాడు. ఆవిడ పిండి చేతులు తుడుచుకుని, తనే మిక్సీ తెచ్చి ఆయన ముందు పెట్టిందట. తిప్పే మీట ఎక్కడా దొరకలేదు. ఆఖరికి చూస్తే, కొట్టులో ఫ్యాను రెగ్యులేటరుకి అదే ఉంది. ఇన్నేళ్లూ రోజూ దాన్ని తన చేత్తోనే తిప్పాడు.

ఆదివారమంతా కొట్టులో కూర్చుని కడిగాడు, బిగించాడు, కొత్త వాషరు వేశాడు, బ్లేడు సాన పెట్టాడు. నాకు తెలిసి ఒక మిక్సీ మీద ఆయన అన్ని గంటలు పెట్టడం అదే మొదటిసారి. మధ్యాహ్నం మూడింటికి చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచాక మిక్సీ ఎత్తుకుని మెట్లెక్కాడు.

గుప్పెడు గింజల పరీక్ష దీనికీ తప్పలేదు. కాకపోతే వంటింట్లో, అక్క ముందు జరిగింది. కుర్చీలో కూర్చోబెట్టి, మీట నువ్వే తిప్పమన్నాడు. అక్క ముందు ఆ ఆకుపచ్చ మిక్సీ మీద చెయ్యి వేసింది. తర్వాత మీట తిప్పింది. గింజలు గలగలమన్నాయి, రవ్వయ్యాయి, పొడయ్యాయి, మొండికేశాయి. అక్క ఆపింది, బావ గీకాడు. అక్క తిప్పింది. నాలుగోసారికి నూనె వదిలి, ముద్ద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"గొంతు మారలేదండీ దీనిది" అంది అక్క.

బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. జుట్టులో వేరుశెనగ పొట్టు ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఆ చోద్యం చూడలేక నేను పాలు తెచ్చే వంకతో కిందికి దిగిపోయాను.

ఆ రోజు అక్క ముప్పావు గ్లాసు తాగింది. అద్భుతమేమీ జరిగిపోలేదు. మర్నాడు మళ్లీ సగమే తాగింది. కానీ మూడో రోజు నుంచి వంటింటి పెత్తనం చేతిలోకి తీసుకుంది. ఇన్ని ఖర్జూరాలు వేస్తే పానకంలా ఉంటుందని తగ్గించింది. చిటికెడు ఉప్పు పడితే ముద్ద వాసన సర్దుకుంటుందని కనిపెట్టింది. ముద్ద ముందు, పాలు కొంచెం కొంచెంగా, అరటిపండు ఆఖరున వేయాలట. అన్నీ ఒకేసారి కుమ్మరించేవాడు బావ, అందుకే ఉండలు కట్టేదట. ముక్కు మూసుకునే మనిషి కాస్తా వేలితో జారు అంచు నాకి రుచి చెప్పడం మొదలుపెట్టింది. బావ పక్కన గరిటె పట్టుకుని, అడిగింది అందించేవాడు. గింజలు మాడ్చావని తిట్లు కూడా తిన్నాడు. ఇన్నేళ్లుగా వేయిస్తున్నానోయ్ అని గొణిగాడు గానీ, గిన్నె తీసుకెళ్లి మళ్లీ వేయించుకొచ్చాడు.

కింద మిక్సీలు పరీక్షలు రాస్తూనే ఉన్నాయి. వాటి ముద్ద మాత్రం పైకి రాలేదు. నేను పోస్టాఫీసుకి పట్టుకెళ్లి పంచేశాను.

కాటా ఎక్కించే ముందు స్వెటరు విప్పించేదాన్ని. అక్కని కూడా నమ్మవుటే అని అక్క సాధించేది. నాలుగో వారం నలభై ఒకటి దాటింది. అయిదో వారం ఆరు వందలు పెరిగింది, ఆరో వారం ఇంకో ఎనిమిది వందలు. ఏడో వారం జలుబు చేసి ముల్లు ఆగిపోయింది. ఆ వారం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎనిమిదో శనివారం కాటా మీద అక్క నిలబడితే బావ ఈ పార్సిలు ఎక్కడికని అడగలేదు. ముల్లు ఊగి ఊగి, నలభై మూడు దాటి ఒక్క గీత అవతల ఆగింది. ఎప్పుడూ అటు తిరిగే పోస్టుమాస్టరు ఈసారి ఇటు తిరిగి, ముక్కు మీది కళ్లజోడు సర్దుకుని, చదివాడు.

ఆపరేషను రోజు పొద్దున నర్సు వచ్చి అక్క మణికట్టుకి పేరు రాసిన పట్టీ కట్టింది. బావ అలవాటు కొద్దీ దాన్ని తిప్పి రెండో పక్క చూశాడు. అక్క నవ్వింది.

"ఏమని రాశారండీ? తొందర లేదనా?"

బావ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నాకు తొందరగా ఉంది" అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఆయన నోట నేను వినలేదు. నాకే ఏడుపొచ్చేసింది. వాళ్లిద్దరూ మాత్రం ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చున్నారు, నేనొక దాన్ని అక్కడ ఉన్నానని కూడా లేకుండా.

ఆపరేషను బాగానే జరిగింది. జావ, మెత్తటి అన్నం, మెల్లిగా అన్నీ. మూడు నెలలకి డాక్టరు, బాగా నమిలి ఇంక ఏదైనా తినొచ్చన్నాడు. ఇంటికొచ్చాక ఏం కావాలో చెప్పమని బావ అడిగాడు. ఊళ్లో ఏ మూల ఉన్నా తెచ్చి పెడతానన్నాడు. నేనైతే పెద్ద జాబితా వేసుకుని కూర్చున్నాను.

"వేరుశెనగ గింజలు. నూరకుండా" అంది అక్క.

బావ వేయించాడు. నలిపాడు, ఊదాడు. అరచేతిలో వేసుకుని, చీలనిది, మాడనిది ఒక గింజ ఏరి ఇచ్చాడు. అక్క నోట్లో వేసుకుంది. కటుక్కుమంది. నెమ్మదిగా, చాలాసేపు నమిలింది. నేను ఆవిడ గొంతు వైపే చూస్తున్నాను. బావ చూడలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని, తల కాస్త వంచి, చెవి అటు పెట్టి కళ్లు మూసుకున్నాడు. కింద షట్టరు ఎవరో కొడుతున్నారు, మిక్సీ తెచ్చినట్టున్నారు. ఆయన పలకలేదు.

కళ్లు తెరిచి, "దిగింది" అన్నాడు.

అక్క చెయ్యి చాపింది, ఇంకొకటి పెట్టమని.